దొడ్డిలో ఆవులు, ఊళ్లో ఆవులు: ఈలా జాతిలో పలుకుబడి లెక్క

2021 ఆగస్టులో జాంబియా అధ్యక్షుడిగా గెలిచిన హకైండే హిచిలేమా, తాను పశువులు కాసిన కుర్రాడినని తరచూ చెప్పుకుంటారు. ఇప్పుడాయన ఆ దేశంలోని పెద్ద పశువుల యజమానుల్లో ఒకరు. ఆయనది టోంగా జాతి. వాళ్లకు పక్కనే, భాషలోనూ అలవాట్లలోనూ దగ్గరి బంధువుల్లా ఉండే మరో జాతి ఈలా. దక్షిణ జాంబియాలో పశువుల గురించి, పదవుల గురించి మాట వచ్చినప్పుడల్లా ఈలాల పేరు వినిపిస్తుంది. వెంటనే ఒక తేలిక సూత్రం కూడా: అక్కడ మంద ఎంత పెద్దదైతే మనిషి అంత పెద్దవాడట.

ఇది సగమే నిజం. ఈలాల విషయంలో అడగాల్సింది ఒక మనిషికి ఎన్ని ఆవులున్నాయి అని కాదు, అవి ఎవరి దొడ్డిలో ఉన్నాయి అని.

(పేరు గురించి ఒక మాట. ‘ఇలా’ అని రాస్తే ‘ఈ విధంగా’ అని చదువుకునే ప్రమాదం ఉంది. అందుకే ఇక్కడ ‘ఈలా’ అని రాస్తున్నాను. ఈల వేయడానికీ దీనికీ సంబంధం లేదు.)

వరద నీళ్లు, గడ్డి మైదానం

జాంబియా మధ్యలోంచి పారే కఫూయే నది ఒకచోట నేల చదునుగా దొరికేసరికి నెమ్మదించి, వానాకాలంలో పక్కలకు పొంగుతుంది. అలా ఏర్పడిందే కఫూయే మైదానం. దాదాపు 6,500 చదరపు కిలోమీటర్లు. ఈలాల ఊళ్లు ఎక్కువగా దీని అంచున, నమ్వాలా చుట్టుపక్కల కనిపిస్తాయి. వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. వరద ఉన్నంతకాలం పశువులు ఊరి దగ్గరి మెరకలో మేస్తాయి. నీళ్లు తీసేశాక, చుట్టూ నేలంతా ఎండిపోయిన వేళ, మైదానంలో మాత్రం పచ్చగడ్డి లేస్తుంది. అప్పుడు మందల్ని అక్కడికి తోలి, తాత్కాలికంగా పాకలు వేసుకుని, మళ్లీ వరద వచ్చేదాకా కాస్తారు.

ఎండాకాలంలో గడ్డి దొరకడమంటే ఆఫ్రికాలో పశువులున్నవాళ్లకు లాటరీ తగిలినట్టే. పాలు, పెరుగు, వెన్న, తోళ్లు, చావులకు మాంసం, పెళ్లిళ్లకు ఓలి, నాగలి వచ్చాక దున్నడానికి ఎడ్లు, అన్నీ మందలోంచే. అయితే గడ్డి ఉన్నంత మాత్రాన అధికారం పుట్టదు. దాని వెనక ఇంకో ఏర్పాటు ఉంది.

కులేలా: సాకడమే ఏలడం

ఆ ఏర్పాటు తెలియాలంటే వాళ్ల మాటలు కొన్ని తెలియాలి.

‘మ్వామి’ అంటే పెద్ద, నాయకుడు. రాజు అని అనువదిస్తే తప్పుదారి పడతాం. ఈలాలందరికీ కలిపి ఒక రాజు పాతకాలంలో ఎప్పుడూ లేడు. ‘చిషి’ అంటే కొన్ని ఊళ్లు కలిసిన ఒక నాడు. అలాంటివి పదుల సంఖ్యలో ఉండేవి. ఒక్కో చిషికి తన మ్వామి, తన మైదానం ముక్క, తను మొక్కే పూర్వీకుడు. పక్క చిషితో పెళ్లి సంబంధాలూ ఉండేవి, కొట్లాటలూ ఉండేవి. ‘ముకోవా’ అంటే తల్లి వైపు నుంచి వచ్చే వంశం. మనిషి బతికేది ఎక్కువగా తండ్రి వైపు వాళ్లతో, అయినా అతని పేరు, కొన్ని హక్కులు, కొన్ని అప్పులు తల్లి వంశానివి. అంటే ఒక ఆవు మీద రెండు వైపుల చుట్టాలూ చెయ్యి వేయగలరు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ‘కులేలా’. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈలాల మధ్య ఏళ్ల తరబడి ఉన్న మిషనరీ ఎడ్విన్ స్మిత్, మేజిస్ట్రేటు ఆండ్రూ డేల్ కలిసి రాసిన రెండు సంపుటాలు 1920లో వచ్చాయి. అందులో వాళ్లు ఈ మాట దగ్గర ఆగి వివరించారు: కులేలా అంటే ఏలడం, కానీ అది రెండో అర్థం. మొదటి అర్థం సాకడం. తల్లి బిడ్డను చూసుకోవడానికి వాడే మాటే ఇది.

తెలుగువాళ్లకు ఇది వింతగా ఏమీ ఉండదు. మన ‘పాలన’ చూడండి. రాజ్యపాలనా అదే, పశుపాలనా అదే. కాపాడటం, పోషించడం అనే అర్థంలోంచే పరిపాలన అర్థం వచ్చింది. తేడా ఏమిటంటే మనకు మొదటి అర్థం నిఘంటువులో మిగిలింది. ఈలాలకు అది రోజూ పరీక్షకు వచ్చే అర్థం. సాకనివాడు ఏలలేడు. ‘బ్వామి ంబుజికే’ అని వాళ్ల సామెత: పెద్దరికమంటే బానిసత్వం. పెద్దవాడి ఇంటికి ఎప్పుడు ఎవరొచ్చినా పెట్టాలి, ఎవరి తగువు వచ్చినా వినాలి.

మ్వామి చనిపోతే కొడుకు తన్నుకుంటూ వచ్చి కూర్చోవడం కుదరదు. ఊరి పెద్దలు కూడి, వారసుల్లో ఎవరు తగును అని పేరు పేరునా చర్చించేవారు. ఫలానావాడికి కోపమెక్కువ, ఫలానావాడి చెయ్యి బిగువు. ఇలాంటి మాటలే అక్కడ తూకపు రాళ్లు.

ఊరి ఆకారంలోనూ ఇది కనిపిస్తుంది. పాతకాలపు పెద్ద ఈలా ఊరు పైనుంచి చూస్తే ఒక పెద్ద వలయం. ఆ వలయం చిన్న చిన్న కుటుంబ వలయాలతో అల్లినది. గేటు దగ్గర చిన్నవి, లోపలికి పోయేకొద్దీ పెద్దవి. పెద్ద వలయం లోపల, వెనక వైపున, మ్వామి కుటుంబానిది మరో చిన్న వలయం. గణిత పరిశోధకులు దీన్ని ‘ఫ్రాక్టల్’ ఊరు అని చూపిస్తుంటారు, అంటే ఒకే ఆకారం చిన్నదిగా, పెద్దదిగా మళ్లీ మళ్లీ వచ్చే ఊరు. పశువుల్ని కాపాడుకోవడం ఆ ఆకారానికి ఒక కారణం: చుట్టూ ఇళ్లు, మధ్యలో రాత్రిపూట మంద.

మంద ఎప్పుడూ ఒకచోట ఉండదు

కలిగినవాడు తన పశువులన్నిటినీ ఇంటి దగ్గరే ఉంచుకోడు. కొన్నిటిని బావమరిదికి, కొన్నిటిని మేనల్లుడికి, కొన్నిటిని గొడ్లు లేని ఇంకో ఊరివాడికి అప్పగిస్తాడు. మన ఊళ్లలో మేకనో గేదెనో పాలుకు, అంటే వాటాకు, ఇచ్చినట్టు. తీసుకున్నవాడు కాస్తాడు, పాలు తాగుతాడు, పొలానికి పెంట వాడుకుంటాడు, ఎడ్లుంటే దున్నుకుంటాడు. బాగా చూసుకుంటే అప్పుడప్పుడూ ఒక దూడ అతనిదవుతుంది. ఆవు మాత్రం ఇచ్చినవాడిదే.

ఇందులో మొదటి లాభం రిస్క్ తగ్గడం. రోగం ఒక దొడ్డిని ఊడ్చేసినా ఇంకో దొడ్డి మిగులుతుంది. దొంగలొచ్చినా, పక్క చిషివాళ్లు దాడిచేసినా అంతే. రెండోది, ఆస్తి అందరి కళ్లలో పడదు. అసూయకూ, చేతబడికీ భయపడే సమాజంలో ఇది చిన్న విషయం కాదు. మూడోది అధికారానికి సంబంధించింది: పాలు తాగిన ఇల్లు మాట మరచిపోదు.

నేను వేసిన లెక్క ఒకటి చెబుతాను. అంకెలు ఊహించినవే, పద్ధతి మాత్రం అక్కడిదే.

ఒక ఊళ్లో ఇద్దరున్నారనుకుందాం. మొదటివాడికి 120 పశువులు, అన్నీ తన దొడ్డిలోనే. రెండోవాడికి 80. ఇంటి దగ్గర 20 ఉంచుకుని, మిగతా 60 ఎనిమిది ఇళ్లలో పెట్టాడు. ఇంటికి ఏడో ఎనిమిదో. పొలం హద్దు మీద తగువొచ్చి పంచాయితీ కూడింది. మొదటివాడి వైపు అతని కొడుకులు, తమ్ముళ్లు మాట్లాడతారు. రెండోవాడి వైపు అతని సొంతవాళ్లతో పాటు ఎనిమిది ఇళ్లు. వాళ్లంతా అతను చెప్పిందే న్యాయమని అంటారని కాదు. అతనికి ఎదురు మాట్లాడే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఈలాల సభలో ఓట్లు లెక్కపెట్టరు, అందరూ ఒక మాటకు వచ్చేదాకా మాట్లాడతారు. అలాంటిచోట నోరు మెదపకుండా కూర్చున్నవాళ్లు ఎంతమంది అన్నది కూడా బలమే.

ఇప్పుడు రోగం వచ్చిందనుకుందాం. మొదటివాడి దొడ్డికే తగిలితే 120 కాస్తా 30 కావచ్చు. రెండోవాడి దొడ్డికి తగిలినా అతనికి పోయేది 20. మర్నాడు ఎనిమిది ఇళ్లలో ఏదో ఒకటి అతనికి పాలు పంపుతుంది. 120 ఉన్నవాడు ధనవంతుడే, కాదనలేం. కానీ పెద్దమనిషి అనిపించుకునేది 80 ఉన్నవాడు.

లెక్క ఇక్కడితో అయిపోదు. రెండోవాడి దొడ్డిలో కనిపించే 20లో నాలుగైదు ఇంకెవరివో కావచ్చు. అతనూ ఎవరి దగ్గరో తీసుకుని ఉండొచ్చు. అందుకే ఈలా దొడ్డి ముందు నిలబడి లెక్కపెట్టిన అధికారులకు ఎప్పుడూ అంకె చిక్కేది కాదు.

ఓలి, జరిమానా, చావు

పశువులు చేతులు మారే మరో దారి పెళ్లి. వరుడి వైపువాళ్లు వధువు వైపువాళ్లకు ఇచ్చే ఓలిని ఈలాలు ‘చికో’ అంటారు. కుర్రవాడి దగ్గర సొంతంగా అన్ని పశువులుండవు. తండ్రి కొన్ని, మేనమామ కొన్ని, ఊళ్లో పెద్దమనిషి ఒకటో రెండో. ఇచ్చినవాడికి ఆ పెళ్లిలో భాగం ఉన్నట్టే. రేపు ఆ దంపతులకు ఆడపిల్ల పుట్టి పెళ్లీడుకొస్తే ఆమె చికో పంపకంలో తన మాట కూడా ఉంటుందని అతను ఎదురుచూస్తాడు. అంటే ఇవాళ ఇచ్చిన ఆవు ఇరవై ఏళ్ల తర్వాత కూడా పలుకుతుంది. ఈ మొత్తం లెక్క మగవాళ్లు మాట్లాడుకునే లెక్క అన్నది మరవకూడదు. దేని చుట్టూ పశువులు తిరుగుతున్నాయో ఆ ఆడవాళ్లను అడిగి రాసుకున్న పాత రాతలు చాలా తక్కువ.

చావు ఇంకో ఘట్టం. పేరున్నవాడు పోతే అతని హోదాకు తగ్గట్టు పశువుల్ని కోస్తారు. వచ్చినవాళ్లందరికీ మాంసం. బయటినుంచి వచ్చినవాళ్లకు ఇది దుబారాలా కనిపించేది. ఊళ్లోవాళ్లకు మాత్రం అది బహిరంగంగా చదివిన ఆస్తిపత్రం: ఎవరు ఎన్ని తెచ్చారు, ఎవరు రాలేదు.

ఏటా సెప్టెంబరులోనో అక్టోబరులోనో పౌర్ణమి రోజుల్లో మాలా గ్రామంలో షిమునెంగా ఉత్సవం జరుగుతుంది. షిమునెంగా అక్కడివాళ్లు కొలిచే పూర్వీకుడు. అక్కడ మందల్ని అందరి ముందూ తోలుకొస్తారు. మామూలు రోజుల్లో చెదిరి, దాగి ఉండే ఆస్తి ఆ రోజు నడిచి చూపిస్తుంది.

సాకడంలో చీకటి

ఇదంతా చదివితే ఈలా పెద్దమనిషి ధర్మరాజులా అనిపించవచ్చు. కాదు. తప్పు చేసినవాడు పశువుల రూపంలో జరిమానా కట్టాలి. కట్టలేకపోతే? కలిగినవాడు అతని తరఫున కట్టి, అతన్నే తీసుకుపోయేవాడు. చిన్న తప్పులకు, చిన్న అప్పులకు కూడా మనుషులు బానిసలైన సందర్భాలు పాత రికార్డుల్లో ఉన్నాయి. దాడుల్లో పట్టుబడ్డవాళ్లు, కరువులో అమ్ముడైనవాళ్లు వేరే.

ఈ బానిసలు ఆ ఇంటి మనుషుల్లోనే లెక్క. యజమాని వంశంలో కలిసిపోయేవారు, పెళ్లి చేసుకునేవారు, కొందరు సొంతంగా పశువుల్ని కూడా సంపాదించుకున్నారు. దీన్ని బట్టి కొందరు పరిశోధకులు ఇది అమెరికా తోటల్లోని బానిసత్వం లాంటిది కాదు, చుట్టరికాన్ని పెంచుకునే ఒక పద్ధతి అన్నారు. ఇంకొందరు, చుట్టరికం అనే ముసుగు వేసినా తప్పించుకుపోయే హక్కు లేనివాడు బానిసేనన్నారు. నాకు రెండో మాటే బరువుగా అనిపిస్తుంది. అయితే మొదటి మాట కూడా ఒకటి చెబుతోంది: ఈలా పెద్దకు కావలసింది పొలంలో చాకిరి కన్నా తన వెనక నిలబడే జనం. ఆవుల్ని మనుషులుగా మార్చుకునే విద్య అది. ఆ విద్యకు మెత్తని చెయ్యి ఒకటి, గట్టి చెయ్యి ఒకటి.

మరి రాజ్యం ఎందుకు పుట్టలేదు?

ఇన్ని పశువులున్నా ఈలాలు ఒక రాజ్యం కట్టుకోలేదు. పడమటి వైపు లోజీలు కట్టుకున్నారు. లోజీ రాజు లెవనికా 1882లోనూ 1888లోనూ ఈలాల మీదికి దండెత్తి మందలకు మందలు తోలుకుపోయాడు. దక్షిణం నుంచి ఎన్డెబెలేలు కూడా వచ్చిపడేవారు. ధనం ఉండి కోట లేని ఊరు ఈలా దేశం.

దీనికి ఒక వివరణ, ఆవుతో కట్టిన బంధం తెంచుకోవడం తేలిక అని. పెద్దవాడి చెయ్యి బిగుసుకుంటే మనిషి లేచి ఇంకో పెద్ద దగ్గరికి పోతాడు, అక్కడా ఆవులున్నాయి. పోయే దారి ఉన్నంతకాలం ఎవరూ మరీ పెద్దవాడు కాలేడు. ఇంకో వివరణ, మంద దానంతట అదే చీలుతుందని: చావు విందు కొంత తింటుంది, తల్లి వంశం, తండ్రి వంశం పంచుకుంటాయి, కొత్త తరం మళ్లీ మొదటినుంచి పలుకుబడి కట్టుకోవాలి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు.

మూఢత్వమా, లెక్కా?

వలస పాలనలో అధికారుల ఫిర్యాదు ఒక్కటే: ఈలాలు పశువుల్ని అమ్మరు. ఇంత మంద పెట్టుకుని పేదల్లా బతుకుతారేమిటి? 1926లో అమెరికన్ పరిశోధకుడు మెల్విల్ హెర్స్కోవిట్స్ తూర్పు ఆఫ్రికా పశుపాలకుల గురించి రాస్తూ వాళ్ల జీవితం మొత్తం పశువుల చుట్టూ అల్లుకున్న తీరుకు ‘క్యాటిల్ కాంప్లెక్స్’ అని పేరు పెట్టాడు. ఆ పేరు చేతులు మారేకొద్దీ ‘వీళ్లకు పశువుల పిచ్చి’ అనే అర్థం తెచ్చుకుంది.

1970లలో నమ్వాలాలో పనిచేసినవాళ్లు లెక్కలు తీసి దీనికి జవాబు చెప్పారు. ఆవు ఈనుతుంది, పాలిస్తుంది, ఎద్దు దున్నుతుంది. ఇంకో చోట డబ్బు పెడితే వచ్చే రాబడితో పోలిస్తే మంద ఏమీ తీసిపోదు. పైగా ఈలాలు అమ్మకుండా లేరు. పన్నుకు, బట్టకు, ఫీజుకు అవసరమైనప్పుడు అమ్ముతూనే ఉన్నారు. అధికారులు చెప్పిన ధరకు, చెప్పిన రోజున అమ్మలేదు, అంతే.

అయితే ఈ రెండో వాదానికీ ఒక ఇబ్బంది ఉంది. అంతా లాభనష్టాల లెక్కే అయితే చావులో అన్ని పశువుల్ని ఎందుకు కోస్తారు? దానికి జవాబు బ్యాంకు పుస్తకంలో దొరకదు, పంచాయితీలో దొరుకుతుంది. నా ఉద్దేశంలో ‘లాభమా, గౌరవమా’ అని అడగడమే ఈ గందరగోళానికి మూలం. ఈలా దొడ్డిలో ఆ రెంటికీ ఒకటే ఖాతా.

జీతం తీసుకునే మ్వామి

బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీ, 1924 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని ఏలాయి. దాడులు ఆగాయి. బానిసత్వాన్ని చట్టం ఒప్పుకోవడం మానేసింది. ఇవి చిన్న మార్పులు కావు. కానీ పన్ను వసూలుకు, కబురు పంపడానికి ప్రభుత్వానికి ఒక మనిషి కావాలి. పదుల సంఖ్యలో ఉన్న పెద్దల్లో కొందరిని మాత్రం ‘చీఫ్’లుగా గుర్తించి, 1930 ప్రాంతం నుంచి వాళ్లకు కోర్టులు, గుమాస్తాలు, జీతాలు ఇచ్చింది.

ఇక్కడే పాత దారం పుటుక్కుమంది. ఇదివరకు మ్వామి మాట చెల్లాలంటే జనం ఒప్పుకోవాలి, జనం ఒప్పుకోవాలంటే పెట్టాలి. ఇప్పుడు మాట చెల్లించడానికి వెనక పోలీసు ఉన్నాడు. జనానికి పెట్టకపోయినా జీతం వస్తుంది. ఇంకోవైపు, గుర్తింపు దక్కని పెద్దలు ఆవులతో, చుట్టరికాలతో పాత పద్ధతిలోనే పలుకుబడి నడిపారు. ఒకే ఊళ్లో రెండు రకాల పెద్దలు: కాగితం మీద ఒకడు, పాలకుండ దగ్గర ఒకడు. ఇద్దరూ ఒకడే అయిన చోట చీఫ్ బలంగా ఉన్నాడు.

బ్యాలెట్ పెట్టె దగ్గర

మాలా గ్రామంలో 1916లో పుట్టిన హ్యారీ ఎన్కుంబులా ఈలా. మిషన్ బడిలో చదివి, టీచరై, లండన్ దాకా వెళ్లొచ్చి, 1951లో అక్కడి ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (దక్షిణాఫ్రికాలోని అదే పేరున్న పార్టీ కాదు) అధ్యక్షుడయ్యాడు. జాంబియా స్వాతంత్ర్యోద్యమంలో తొలి పెద్ద నాయకుడు ఆయనే. 1958లో, తర్వాత దేశానికి తొలి అధ్యక్షుడైన కెనెత్ కౌండా వర్గం ఆ పార్టీ నుంచి విడిపోయింది. 1964 జనవరి ఎన్నికల్లో కౌండా పార్టీకి 55 సీట్లు, ఎన్కుంబులా పార్టీకి 10. ఎన్కుంబులా పార్టీకి బలం దక్షిణ ప్రాంతంలోనే, అంటే నాగలి, ఎడ్లు, మొక్కజొన్న చేలు ఉన్న టోంగా, ఈలా రైతుల దగ్గర.

ఎన్కుంబులా ఆవులు పంచి నాయకుడయ్యాడని చెప్పలేం. చదువు, పట్టణం, పార్టీ, ఇవి వేరే నిచ్చెనలు. కానీ ఆయన వెనక నిలబడ్డ రైతులకు సొంత మంద ఉంది. పట్నం నుంచి వచ్చిన పార్టీ కార్డుకు తలవంచాల్సిన అవసరం వాళ్లకు మిగతావాళ్లంత లేదు. 1973లో చోమా ఒప్పందంతో ఆయన తన పార్టీని కౌండా పార్టీలో కలిపేశాడు. దేశం ఏకపార్టీ పాలనలోకి వెళ్లింది.

గేటు వేసిన నది, పట్నంలో యజమాని

1970లలో కఫూయే నది మీద కిందివైపు కఫూయే గార్జ్ దగ్గర, పైవైపు ఇటెజి-టెజి దగ్గర కరెంటు కోసం ఆనకట్టలు వచ్చాయి. మైదానం ఎప్పుడు మునగాలో, ఎప్పుడు తేలాలో వాన ఒక్కటే నిర్ణయించే రోజులు పోయాయి. దానికి తోడు 1980, 90లలో పిడుదుల ద్వారా వ్యాపించే థైలేరియా రోగం దక్షిణ ప్రాంతపు మందల్ని దారుణంగా దెబ్బతీసింది.

అంతకన్నా నిశ్శబ్దంగా జరిగిన మార్పు మేత హక్కుది. ఇదివరకు బయటివాడు ఒక చిషి మైదానంలో మంద దింపాలంటే అక్కడి పెద్దల్ని అడగాలి. భూమి ప్రభుత్వానిదయ్యాక అడగాల్సింది ఎవరినో తేలని పరిస్థితి వచ్చింది. పట్నంలో ఉద్యోగమో వ్యాపారమో ఉన్నవాళ్లు జీతగాళ్లను పెట్టి పెద్ద మందలు దింపారు. వీళ్లకూ ఆవులున్నాయి, వీళ్లకూ పలుకుబడి ఉంది. కాకపోతే పలుకుబడి ఆవుల్లోంచి రాలేదు, పలుకుబడి ఉంది కాబట్టి ఆవులొచ్చాయి. కాపరికి నెల జీతం ఇస్తారు, పాల హక్కు ఇవ్వరు. దీన్ని దోపిడీ అనేవాళ్లున్నారు. పాత పద్ధతిలో పేదవాడు ఒక్క పెద్ద దయమీద బతికేవాడు, ఇప్పుడు జీతం తీసుకుని మానేయగలడు అనేవాళ్లూ ఉన్నారు.

మన లెక్కలోని రెండోవాడి దగ్గరికి మళ్లీ వద్దాం. 80 పశువులు, ఎనిమిది ఇళ్లు. అతను చనిపోయాడు. విందుకు కొన్ని పోయాయి, తల్లి వంశంవాళ్లు కొన్ని తీసుకున్నారు. రాజధాని లుసాకాలో ఉద్యోగం చేసే వారసుడి చేతికి మిగిలింది 40 ఆవులు, ఎనిమిది పేర్లు. ఎండాకాలం మొదట్లో అతను లారీ మాట్లాడుకుని వచ్చి ఆ 40నీ ఎక్కించి అమ్మేశాడు. మంచి ధరే వచ్చింది. ఆ ఏడు షిమునెంగాకు ఎనిమిది ఇళ్లవాళ్లూ వచ్చారు, ఇంకెవరి మంద వెనకో నడిచారు.